మాటల ఫ్రేము

మా మేనత్తకి కొత్త బల్ల అంటే గిట్టదని ఆ స్టూడియోలో కాపలా మనిషికి కూడా తెలుసు. ఏడాదిగా ఓనరు గారు కొత్తది తెప్పిస్తాననడం, అత్త ఏదో ఒక వంక చెప్పి ఆపించడం. "పాతది రాయిలా ఉంది కదండీ, దాన్ని పీకి ఏం చేస్తారు?" అనేది. చివరికి పాత బల్ల ఒకే నెలలో మూడుసార్లు పని మధ్యలో మొరాయించేసరికి ఆవిడ దగ్గర వంకలు అయిపోయాయి.

బల్ల అంటే రాసుకునే బల్ల కాదు. సినిమాకి మాటలూ సంగీతమూ చప్పుళ్ళూ కలిపే మిక్సింగ్ కన్సోలు. ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ దాన్ని బల్ల అనే అంటారు. దాని ముందు కూర్చుని మా అత్త పాతికేళ్ళుగా మాటలు కలుపుతోంది. తెరమీద ఎవరో గుసగుసగా ఒక మాట అంటారు. బయట వాన, వెనక వయొలిన్లు. అయినా ఆ గుసగుస హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నవాడి చెవిలో పడుతుంది. అలా పడేలా చేసేది మా అత్త.

నేను ఆ బల్లల్ని బిగించే కంపెనీలో పనిచేస్తాను.

"మీ మేనత్త ఉండే స్టూడియోనట. మొహమాటంగా ఉంటే ఇంకెవరినైనా పంపిస్తాను" అన్నాడు మా మేనేజరు.

"ఇంకెవరైనా వెళ్తే రెండో రోజుకి ఏడుస్తూ తిరిగొస్తారు. నేనే వెళ్తాను" అన్నాను.

నేను వెళ్ళేసరికి పాత బల్లని తీసేశారు. అది ఉన్నచోట కార్పెట్ రంగు వేరేగా, పుట్టుమచ్చలా ఉంది. ఆ ఖాళీ ముందు అత్త తన కుర్చీలోనే, బల్ల ఇంకా అక్కడే ఉన్నట్టు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎలకా, వచ్చావా?" అంది తిరిగి చూడకుండానే.

చిన్నప్పుడు సెలవుల్లో నన్ను అత్త దగ్గర వదిలేవారు. ఆవిడ పనిచేస్తుంటే నేను బల్ల కిందకి దూరి తీగల మధ్య పడుకునేదాన్ని. అప్పుడు పెట్టిన పేరు. ముప్పై ఏళ్ళు దగ్గరపడుతున్నా నేనింకా ఎలకనే.

"నేనని ఎలా తెలిసింది?"

"నీ ఎడమ చెప్పు ఈడుస్తావు. పదేళ్ళ నుంచి చెబుతున్నాను, చెవిన వేసుకుంటేగా?"

కొత్త బల్ల ఒకే ముక్కగా రాదు. నాలుగు పెద్ద పెట్టెల్లో నాలుగు ఫ్రేములు వస్తాయి. మూడింటిలో ఎనిమిదేసి ఫేడర్లు ఉంటాయి, అంటే వేలితో పైకి తోస్తే శబ్దం పెరిగి, కిందకి లాగితే తగ్గే మీటలు. నాలుగోది మాస్టర్ ఫ్రేము. బొమ్మని నడపడం, ఆపడం, మొత్తం శబ్దాన్ని పట్టుకోవడం దాని పని. నాలుగింటినీ స్టాండు మీద పక్కపక్కన పెట్టి, బోల్టులు బిగించి, ఒక్కోదానికీ ఒక కరెంటు తీగా ఒక నెట్‌వర్క్ తీగా తగిలిస్తే చూడ్డానికి ఒకే బల్ల అవుతుంది. చూడ్డానికే. తన ఎడమ పక్క ఎవరున్నారో, కుడి పక్క ఎవరున్నారో ఆ ఫ్రేములకి తెలియదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో కంప్యూటర్లో మనమే చెప్పాలి. పెళ్ళి ఫొటోకి చుట్టాలని నిలబెట్టినట్టే, ఒక్కరు అటూ ఇటూ అయినా గొడవే.

ఫ్రేములు ఎత్తడానికి పొడుగు బాబాయి సాయం పట్టాడు. ఆయన మాకు చుట్టం కాదు. అత్త పక్కన కూర్చుని చప్పుళ్ళు కలిపే మనిషి: అడుగులు, తలుపులు, ఉరుములు. గుమ్మంలోంచి వంగి రావలసినంత పొడుగు. మనిషి మంచివాడే కానీ ఒక పాడు అలవాటు పట్టుకుంది. తెరమీద ఏం జరుగుతుంటే అది పైకే గొణుగుతాడు. "లేచింది... కిటికీ దగ్గరకెళ్ళింది... ఇటు తిరిగింది, ఇప్పుడు నోరు తెరుస్తుంది..." అంటూ. పోయినసారి నేను చూడ్డానికి వచ్చినప్పుడు కూర్చున్న రెండు గంటల్లో నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎలా భరిస్తున్నావని అత్తని అడిగితే, "పోనీలే, పాపం, వయసు" అంది. ఆయన అత్తకంటే రెండేళ్ళు చిన్న.

ఓనరు గారు బల్ల ఎలా ఉండాలో ఒక కాగితం మీద గీసి ఇచ్చారు. ఎడమ చివర మాటలు, అంటే అత్త. తర్వాత సంగీతం. తర్వాత మాస్టర్. కుడి చివర చప్పుళ్ళు, అంటే బాబాయి. మాస్టర్ అక్కడెందుకని అడిగితే, సరిగ్గా దాని వెనక సోఫా వస్తుందనీ, దర్శకులు కూర్చుంటే దీపాలన్నీ కళ్ళకి ఇంపుగా కనిపిస్తాయనీ చెప్పారు. నేను వాదించలేదు. సోఫాలకోసం బల్లలు బిగించడం నాకు కొత్త కాదు.

మధ్యాహ్నానికి నాలుగూ లేచి నిలబడ్డాయి. కంప్యూటరు అద్దం అవతల పక్క గదిలో ఉంది. అక్కడ తెరమీద ఫ్రేములు వాటి నంబర్లతో కనిపిస్తాయి. బల్ల దగ్గర ఒక్కో ఫ్రేము మూల చిన్న కిటికీలో అదే నంబరు వెలుగుతుంది. బల్ల దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఎడమనుంచి వరసగా నంబర్లు చదివితే, నేను ఇక్కడ అదే వరసలో పేర్చుకుంటాను. బాబాయి టీకి వెళ్ళాడు. అత్తే ఉంది.

"అత్తా, ఎడమ చివరిది ఎంత?" అని మైకులో అడిగాను.

కాసేపు ఏమీ వినిపించలేదు.

"నలభై ఒకటి... ముప్పై మూడు" అంది.

"దాని పక్కది?"

"నలభై ఒకటి ఎనభై మూడు."

"మాస్టర్ నాకు తెలుసు. కుడి చివరిది?"

"నలభై ఒకటి ముప్పై ఎనిమిది. ఎన్నిసార్లు అడుగుతావే?"

నేను ఒక్కొక్కదాన్నీ ఒక్కసారే అడిగాను. అయినా అత్త విసుగు అత్తది అనుకుని, రాసుకున్న వరసలో పేర్చేశాను.

సాయంత్రం కాకముందే ఓనరు గారు వచ్చారు. పాత సినిమాలోంచి ఒక సన్నివేశం పెట్టమన్నారు. ఆసుపత్రి వరండాలో ఒకావిడ తన చెల్లెలితో మెల్లగా మాట్లాడే సన్నివేశం. "మొదటి మాట వినిపించండి అమ్మా, మీ చేతుల మీదుగా" అన్నారు అత్తతో. అత్త ఎడమ చివర కూర్చుని మొదటి ఫేడరు నెమ్మదిగా పైకి తోసింది.

ఫెళ్ళున ఉరిమింది.

ఓనరు గారు సోఫాలోంచి లేచి నిలబడ్డారు. అత్త చెయ్యి వెనక్కి లాక్కుంది. బాబాయి తన ఫేడరు తోసి చూశాడు. తెరమీది ఆవిడ గొంతు, "నువ్వు భోజనం చేశావా?" అని అడిగింది.

"ఇదేంటమ్మా? ఇక్కడ తోస్తే అక్కడిది, అక్కడ తోస్తే ఇక్కడిది?" అన్నారు ఓనరు గారు.

నంబర్లు రాసుకున్న కాగితం తీసి చూశాను. లేచి వెళ్ళి ఫ్రేముల మీద నంబర్లు చూశాను. ఎడమ చివర ఉన్నది ముప్పై ఎనిమిది. కుడి చివరది ముప్పై మూడు. అత్త తిరగేసి చదివింది. నా నోటిదాకా వచ్చింది కానీ, ఆవిడ మొహం చూసి మింగేశాను. అత్త నన్ను చూడటం లేదు. ఒళ్ళో పెట్టుకున్న తన చేతినే చూస్తోంది.

"నాదే పొరపాటండీ. రెండు నంబర్లు తారుమారుగా రాసుకున్నాను. రెండు నిమిషాల్లో సరిచేస్తాను" అన్నాను.

"మొదటిరోజే ఇలా అయితే ఎలాగమ్మా? సోమవారం సినిమా మొదలు" అని ఆయన వెళ్ళిపోయారు.

అత్త ఏమీ అనలేదు. వేరే రోజైతే నన్నెవరైనా ఒక్క మాటంటే వాళ్ళకి నాలుగు తగిలించే మనిషి. ఆ మౌనమే నాకు గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున నేను ముందే వెళ్ళాను. అత్త అప్పటికే అక్కడుంది. గదిలో ఒక్కతే. బల్ల ముందు నిలబడి, ఎడమ చివర ఫ్రేము మూల కిటికీకి మొహం దగ్గరగా పెట్టి, తలని పక్కకి తిప్పి చూస్తోంది. కోడి గింజని చూసినట్టు, ఒక పక్కనుంచి. తర్వాత రెండో పక్కకి తిప్పింది. చూపుడు వేలితో ఆ అంకె మీద రాసింది, వేలికి ఏమైనా తగులుతుందేమోనన్నట్టు.

చెప్పు ఈడ్చకుండా వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అత్తా, ఎప్పటినుంచి?"

ఉలిక్కిపడింది. కసురుతుందనుకున్నాను. కసరలేదు. కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"ఏడాదిన్నర" అంది. "మధ్యలో ఎవరో వేలితో చెరిపేసినట్టుంటుందే. నీ మొహం చూస్తే మొహం ఉండదు, చెవులూ జుట్టూ ఉంటాయి. పక్కలన్నీ బాగానే కనిపిస్తాయి. నడవగలను, వండుకోగలను. చదవలేను. పూర్తిగా చీకటి మాత్రం కాదన్నాడు డాక్టరు."

"నాన్నకి చెప్పావా?"

"మీ నాన్నకా? చెబితే ముందు ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాలి."

"మరి పోయిన సినిమా ఎలా చేశావు? అంతకు ముందుది?"

"పాత బల్ల మీద ఏది ఎక్కడుందో నా చేతికి కొట్టినపిండి. కళ్ళతో పనేముంది? ఇది అలా కాదుగా. ఒక మీట నొక్కితే ఎనిమిది ఫేడర్లలో వేరే ఎనిమిదిమంది మనుషులు వచ్చి కూర్చుంటారు. ఎవరు వచ్చారో ఆ చిన్న అక్షరాల్లో చదువుకోవాలి. అందుకే ఏడాదిగా అడ్డం పడ్డాను. చాదస్తం అనుకున్నారు అందరూ. అనుకోనీ అని ఊరుకున్నాను." ఆగి, నా చెయ్యి పట్టుకుంది. "నిన్న నీ మీద పడేశాను. నోరు తెరవబోయాను, రాలేదు. నిన్ను మాట పడనిచ్చి కూర్చున్నాను, ఎలకా. రాత్రంతా అదే."

"పోనీలే అత్తా. నా ఉద్యోగంలో రోజుకి నాలుగు చివాట్లు తింటాను, ఇది అయిదోది" అన్నాను. తెచ్చిపెట్టుకుని నవ్వాను. ఆవిడ చెవులకి అది తెలియకుండా ఉంటుందా?

"మరి తెరమీద బొమ్మ? ఎవరు ఎప్పుడు నోరు తెరుస్తున్నారో ఎలా తెలిసేది?"

అత్త మొహం ఒక్కసారి తేటపడింది. "అదా! పొడుగాయన గొణుగుతాడుగా. ఆయనకి తెలియకుండా ఆయన కళ్ళు అరువు తెచ్చుకున్నాను. ఆయన ఊరుకున్న రోజు నా పని అయిపోయినట్టే."

ఆ పూట నేను బోల్టులు బిగించలేదు. అత్తని ప్రశ్నలతో విసిగించాను. ఏ పాత్ర ఏ వేలి కింద ఉండాలి? ఎడమ చెయ్యి ఎక్కువ వాడతావా, కుడిదా? ఏది చూడకుండా అందుకోవాలి? చెబుతూ చెబుతూ అత్త గాల్లోనే పాత బల్ల మీద చేతులు ఆడించింది. అప్పుడర్థమైంది నాకు, ఓనరు గారి కాగితం ప్రకారం బిగిస్తే ఆవిడ పని అయిపోయినట్టేనని. మాస్టర్ ఆవిడకి సంగీతం అవతల. బాబాయి బల్లకి ఆ చివర. అంత దూరంనుంచి గొణుగుడు వినపడదు.

ఎడమనుంచి సంగీతం, మాస్టర్, మాటలు, చప్పుళ్ళు అయితే సరిపోతుంది. బొమ్మని నడిపే మీటలు అత్త ఎడమ చేతికి తగులుతాయి. బాబాయి కుడి భుజం పక్కన ఉంటాడు. అదీకాక, మాటల ఫ్రేముని మాత్రం మీట నొక్కినా మనుషులు మారకుండా కట్టేయవచ్చు. మిగతా బల్లంతా ఎన్నిసార్లు తిరగేసినా, అత్త ముందున్న ఎనిమిది ఫేడర్లలో ఎవరి కుర్చీలో వాళ్ళే ఉంటారు.

దానికి మాస్టర్ ఫ్రేముని విప్పి, ఒక చోటు ఎడమకి జరపాలి. మిగతా మూడూ ఒకేలాంటివి కాబట్టి, ఏది ఎవరిదో కంప్యూటర్లో మార్చుకుంటే చాలు. ఓనరు గారు ఒప్పుకోవాలి.

"తీగ పొడవు చాలలేదని చెబుతాను. ఆయనకేం తెలుస్తుంది?" అన్నాను.

"వద్దు" అంది అత్త. "ఒక అబద్ధం మీద ఏడాదిన్నర కూర్చున్నాను. నడుం పట్టేసింది. నేనే చెబుతాను."

ఇంతలో బాబాయి టీ గ్లాసుతో వచ్చాడు. ఫ్రేముల వరస మారుస్తున్నాననీ, ఆయన కుర్చీ అత్త పక్కకి వస్తుందనీ మాత్రమే చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

"అమ్మయ్య" అన్నాడాయన. "నేనే అడుగుదామనుకున్నాను. అంత దూరంనుంచి నేను గొణిగితే ఆవిడకేం వినిపిస్తుంది? అరవాలి. అరిస్తే అందరికీ తెలిసిపోతుంది."

అత్త కుర్చీ గిర్రున తిరిగింది.

"నీకు తెలుసా?"

బాబాయి టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "ఒకరోజు తెరమీద బొమ్మ ఆగిపోయింది, మీరు చూసుకోలేదు. మాటలు కలుపుతూనే ఉన్నారు. మర్నాడు నేను ఊరికే, పైకి అనుకుంటున్నట్టు, రెండు ముక్కలు అన్నాను. మీ చెయ్యి వెంటనే సర్దుకుంది. సరే, పనికొస్తోంది కదా అని..."

"ఏడాదిన్నర గొణిగావా? నాకోసం?"

"మొదట్లో కష్టంగా ఉండేది. ఇంట్లో కూడా అలవాటైపోయింది. మా ఆవిడ కూరగాయలు తరుగుతుంటే పక్కన నిలబడి చెబుతున్నానట, 'కత్తి తీసింది, వంకాయ పట్టుకుంది' అని. మొన్న బయటికి పొమ్మంది."

అత్త నవ్వింది. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడిచినకొద్దీ తడుస్తోంది. చివరికి ఒళ్ళో పెట్టేసుకుంది.

ఓనరు గారిని పిలిచి అత్త నిలబడే చెప్పింది. మాటలు కలిపే మనిషి కదా, తన మాటల్లో ఒక్కటీ ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆయన సోఫాలో కూర్చుండిపోయారు.

"పోయిన సినిమాలో మాటలు బాగున్నాయని ఎంతమంది ఫోన్ చేశారు నాకు" అన్నారు చివరికి. "అది చూడకుండా చేశారా?"

"విని చేశానండీ. చూడ్డం ఈయన చూశాడు."

"నాకు చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. భయపడ్డాను."

ఆయన లేచి రెండు అడుగులు అటూ ఇటూ నడిచారు. మంచి మనిషే. కానీ రేపు ఏ దర్శకుడికైనా తెలిస్తే ఏమంటాడోనన్న దిగులు మొహంలో కనిపిస్తోంది. "ఆ అమ్మాయి చెప్పినట్టు మార్చండి" అన్నారు. "శనివారం ఒక రీలు మొత్తం ఈ బల్ల మీద కలిపి వినిపించండి. విన్నాక మాట్లాడదాం. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

గురువారమంతా విప్పడం, జరపడం, మళ్ళీ బిగించడం. నంబర్లు ఈసారి నేనే చదువుకున్నాను. మాటల ఫ్రేములో ఒకటో, అయిదో ఫేడర్ల పక్కన పారదర్శకమైన జిగురుతో చిన్న బొట్లు పెట్టాను, వేలికి తగలడానికి. ఒకటి ముఖ్యమైన ఆడగొంతు, అయిదు ముఖ్యమైన మగగొంతు. "మగవాళ్ళని అయిదో చోట కూర్చోబెట్టావు, బాగుంది" అంది అత్త.

అంతా అయిందనుకున్నాక శుక్రవారం పొద్దున తెగులు మొదలైంది. అత్త ఫ్రేము ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఆగి, అర నిమిషంలో తనంతట తనే మళ్ళీ లేస్తోంది. పది నిమిషాలు బాగుంటుంది, మళ్ళీ అదే. మిగతా మూడూ బంగారంలా ఉన్నాయి. నేను నెట్‌వర్క్ తీగ మార్చాను. ప్రోగ్రాము మళ్ళీ ఎక్కించాను. నాలుగు ఫ్రేముల్లోనూ ఒకే ప్రోగ్రాము ఉందా అని సరిచూశాను. కంపెనీకి ఫోన్ చేస్తే, ఇంకోసారి ఎక్కించి చూడమన్నారు. ఎక్కించాను. ఆగిపోయింది. ఓనరు గారు గుమ్మంలోంచి చూసి, ఏమీ అనకుండా వెళ్ళారు. అంటే బాగుండేది.

అత్త అంతసేపూ తన కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్రపోతోందనుకున్నాను.

"ఎలకా, నువ్వు ఆ ప్రోగ్రాములు ఆపి కాసేపు ఇటు రా" అంది. "పొడుగాయనా, నువ్వు నీ కుర్చీ ఇందాకటిలా వెనక్కి లాగు."

బాబాయి లాగాడు. ఆయన కుర్చీ చక్రం స్టాండు కాలికి తగిలింది. ఫ్రేము ఆగిపోయింది.

"విన్నావా?"

"ఏం వినాలి?"

"ఇందులో ఫ్యాను తిరుగుతోంది కదా. దీపాలు పోయే ముందు దాని గొంతు కిందకి దిగుతోంది. ముందు ఫ్యాను, తర్వాత దీపాలు. నీ ప్రోగ్రాము పాడైతే ఫ్యాను ఎందుకు మూలుగుతుందే? దానికి తిండి అందట్లేదు."

నాకు ఆ ఫ్యాను తిరుగుతోందని కూడా తెలియదు. బల్ల వెనక్కి దూరాను, చిన్నప్పటిలాగే పొట్ట మీద పాక్కుంటూ. మాస్టర్‌ని జరిపినప్పుడు ఈ ఫ్రేము కరెంటు తీగ లాగుడుకి బిగుసుకుపోయి, ప్లగ్గు సగం బయటికి వచ్చి ఉంది. చూస్తే పెట్టినట్టే ఉంది. వేలితో నొక్కితే ఇంకో అర అంగుళం లోపలికి వెళ్ళి టక్కుమంది. తీగని వదులుచేసి, కదలకుండా క్లిప్పు వేశాను. మూడు గంటలు నేను కంప్యూటర్లో వెతికింది ఈ అర అంగుళం కోసం.

బయటికి వచ్చేసరికి ఓనరు గారు అక్కడే నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచి ఉన్నారో తెలియదు. బాబాయి కుర్చీని తనే ఒకసారి లాగి స్టాండుకి తగిలించారు. ఫ్రేము వెలుగుతూనే ఉంది. ఇంకోసారి లాగారు. తల ఊపి వెళ్ళిపోయారు.

శనివారం రీలులో బస్సు సన్నివేశం ఒకటి ఉంది. కిక్కిరిసిన బస్సు, ఇంజను రొద, ఎవరో పిల్లాడి ఏడుపు. ఆ మధ్యలో ఒక పెద్దాయన, విడిపోయి ఏళ్ళయిన తన భార్య ఎదురు సీట్లో ఉందని చూసి, "నీ దగ్గర గొడుగు ఉందా?" అని అడుగుతాడు. అంతే మాట.

"ఎక్కాడు... కడ్డీ పట్టుకున్నాడు... చూశాడు" అని బాబాయి గొణుగుతున్నాడు, ఈసారి దాచుకోకుండా. అత్త ఎడమ చెయ్యి మాస్టర్ మీద, కుడి చెయ్యి అయిదో ఫేడరు మీద. ఇంజను రొదని తగ్గించమని బాబాయి వైపు వేలు కదిపింది. ఆయన తగ్గించాడు. మాట వచ్చింది. అత్త ఆపి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ నడిపింది. నాలుగుసార్లు. నాకు నాలుగూ ఒకేలా వినిపించాయి. అయిదోసారి, పెద్దాయన మాట మొదలెట్టేముందు పీల్చిన గాలిని ఆవిడ వెంట్రుకవాసి పైకి లేపింది. ఆ ఊపిరి వినిపించగానే ఆయనకి ఆ మాట అడగడానికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో తెలిసిపోయింది.

ఓనరు గారు సోఫాలో కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక కూడా కాసేపు తెరవలేదు.

"సోమవారం మామూలు టైముకే వచ్చేయండి" అన్నారు. "రెండు షరతులు. ప్రతి దర్శకుడికీ పని మొదలయ్యే ముందే చెబుదాం. ఇష్టం లేనివాళ్ళు వెళ్తారు. రెండోది, మీరు డాక్టరు దగ్గరికి చెప్పిన రోజుకి చెప్పినట్టు వెళ్ళాలి."

"రెండోది కష్టం" అంది అత్త.

"నేను తీసుకెళ్తాను" అన్నాడు బాబాయి.

చెప్పినట్టే ఒక దర్శకుడు వెళ్ళిపోయాడు, తన సినిమా ఇంకో చోటికి పట్టుకుని. అత్త రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మిగతావాళ్ళు ఉన్నారు. ఆ బల్ల మీద అత్త ఇంకో నాలుగేళ్ళు పనిచేసింది. నేను ఆ తర్వాత ఏ స్టూడియోకి వెళ్ళినా, గీసిన కాగితం చూడకముందు, ఏ కుర్చీలో ఎవరు కూర్చుంటారని అడుగుతున్నాను. వాళ్ళతో ఒక పూట మాట్లాడాకే స్క్రూడ్రైవరు తీస్తాను. కంపెనీలో దీనికి ఆలస్యం అని పేరు పెట్టారు.

ఆ శనివారం సాయంత్రం మాత్రం ఇంకొక పని మిగిలింది. నా సామాను సర్దుకుంటూ, "నాన్నకి ఫోన్ చెయ్యి" అన్నాను.

"వచ్చేవారం."

"ఇప్పుడే. నేను నంబరు నొక్కుతున్నాను."

అత్త ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "అన్నయ్యా, నేనే. బాగానే ఉన్నాను. కూర్చున్నావా? ముందు కూర్చో" అంటూ మొదలుపెట్టి, ఓనరు గారికి చెప్పినట్టే చెప్పింది, కాస్త మెత్తగా. చెప్పడం అయ్యాక అటునుంచి పెద్ద శబ్దం. పక్కన నిలబడ్డ నాకూ వినిపించింది. మా నాన్న ఏడిస్తే ఊరంతా తెలియాల్సిందే.

అత్త ఫోను చెవికి జానెడు దూరం పెట్టి కాసేపు ఓపిగ్గా ఆగింది. తర్వాత దగ్గరికి తెచ్చుకుని, "అన్నయ్యా, ఫోను కొంచెం దూరంగా పెట్టుకుని ఏడువు. మాటలు చీరుకుపోతున్నాయి, నువ్వేమంటున్నావో తెలియట్లేదు" అంది. ఆయన పెట్టుకున్నట్టున్నాడు. "ఆ, ఇప్పుడు బాగుంది. ఇప్పుడు చెప్పు" అని, కుర్చీలో వెనక్కి జారగిలబడి, అన్నయ్య చెప్పేదంతా వినడం మొదలుపెట్టింది.